దుప్పట్లక్క లైసెన్సు

దుప్పట్లక్కకి కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊపుతుంది, నిలబడితే చేతికందిన గుడ్డనల్లా మడతలు పెడుతుంది, టీ తాగుతూనే గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి వీధి చూసి వస్తుంది. "మా అమ్మని కుర్చీకి కట్టేస్తే కుర్చీతో సహా నడుస్తుంది" అని కూతురు నవ్వుతుంది. అలాంటి మనిషి ఇన్నేళ్లూ ఒక వ్యానులో ఎడమ సీటులో కూర్చుని ఊరంతా తిరిగిందంటే, అది ఒక కూర్చోవడం కాదు లెండి. బండి ఆగితే దూకాలి, ఉతికిన మూట ఎత్తాలి, మెట్లెక్కి అప్పజెప్పాలి, మాసినవి మోసుకు రావాలి, మళ్లీ ఎక్కాలి. ఒంటికి సరిపడ్డ పని దొరకడమంటే అదీ.

ఊరి చివర వాషింగ్ ప్లాంటు ఒకటుంది. లాడ్జీల దుప్పట్లు, నర్సింగ్ హోముల పక్కబట్టలు, దిండు గలేబులు, తువాళ్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి తిప్పి పంపుతారు. అవి మోసుకొచ్చే వ్యాను యజమానిదే అయినా పెత్తనం మాత్రం ఈ మొగుడూపెళ్లాలది. ఆయన నడుపుతాడు, ఆవిడ బట్టల సంగతి చూస్తుంది. లాడ్జీల్లో గదులు సర్దే ఆడవాళ్లు పెట్టిన పేరే దుప్పట్లక్క. మరక చూసి అది కాఫీయో, తలనూనో, మందో, ఆ మరక ఎందుకు పడిందో కూడా చెప్పేస్తుంది. అడక్కపోయినా చెబుతుంది, అదే గొడవ.

ఆయన పేరు హారన్ బాబాయ్. ఆ పేరెందుకొచ్చిందో వేరే చెప్పాలా? ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొడతాడు.

"ఎవరూ లేరుగా, ఎందుకండీ ఆ మోత?" అని ఆవిడ అడిగితే, "లేరని నీకు తెలుసు, రాబోయేవాడికి తెలియొద్దూ?" అంటాడు.

ఆయన కన్ను పోతోందని ముందు కనిపెట్టింది ఆవిడే. మొదట వ్యాను ఎడమ అద్దం ఒక గేటుకి రాసుకుంది. "గేటు రోడ్డు మీదకి పెట్టారు వెధవలు" అన్నాడు. తర్వాత ఒక నర్సింగ్ హోము మెట్ల దగ్గర పూలకుండీ బద్దలైంది. "కుండీ ఇక్కడ పెడతారా ఎవరైనా?" అన్నాడు. ఆ కుండీ ఆ భవనం కట్టినప్పటినుంచీ అక్కడే ఉంది. ఆ సాయంత్రం ఆవిడ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వెళ్లి ఆయనకి ఎడమవైపు నిలబడి చెయ్యి చాపింది. ఆయన టీవీ చూస్తూ, "నీళ్లడిగి ఎంతసేపైంది, బావి తవ్వుతున్నావా?" అని వంటింటి వైపు తిరిగి కేకేశాడు. గ్లాసు ఆయన చెవి పక్కనే ఉంది. 

కళ్ల డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పింది. కంటిలో ఒత్తిడి పెరిగి ఎడమ చూపు దాదాపుగా పోయింది. పోయింది తిరిగి రాదు. వేళ తప్పకుండా చుక్కలు వేసుకుంటే కుడి కన్ను నిలబడుతుంది. ఈ కళ్లతో బండి మాత్రం ముట్టుకోకూడదు. ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు. బయటికొచ్చి, మందు సీసా జేబులో వేసుకుని, వ్యానెక్కి తాళం తిప్పాడు.

"ఇప్పుడేగా ఆవిడ చెప్పింది?"

"బండి ఇక్కడే పారేసి నడిచి పోదామా అయితే? మూటలున్నాయి వెనకాల. ఎక్కు."

ఎక్కింది. ఎక్కకుండా అడ్డంగా నిలబడాల్సింది అని ఇప్పుడు మనం ఎన్నైనా చెబుతాం. ఆ క్షణాన ఆవిడ ఎక్కింది, అంతే. మొదటి మలుపులోనే "ఎడమ పక్క సైకిలు!" అని అరిచింది. ఆయన చప్పున స్టీరింగు తిప్పాడు. సైకిలువాడు బతికిపోయాడు, ఆ సంగతి వాడికి తెలియను కూడా తెలియదు. ఆ రోజునుంచీ ఆయన ఎడమ కన్ను ఆవిడే. ఎడమ పక్క స్కూటరు, ఎడమ పక్క కుక్క, ఎడమ పక్క ముసలాయన, ఆగండి, ఆగండీ, ఆ వెళ్లిపోయాడు, ఇంక పోనివ్వండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పాట. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయేది, మెడ పట్టేసేది.

యజమానికి చెప్పలేదు. చెబితే కొత్త డ్రైవరు వస్తాడు, వాడితో వాడి మనిషి వస్తాడు, ఎడమ సీటూ పోతుంది, కుడి సీటూ పోతుంది. అది నిజమే. కానీ రోజూ సగం గుడ్డి బండిని జనం మీదికి తోలుతున్నామన్నదీ నిజమే. ఆ రెండో నిజం ఆవిడకి ముద్ద దిగనిచ్చేది కాదు. ఎక్కడైనా జనం గుంపుగా మూగితే చాలు, రేపో మాపో ఆ గుంపు మధ్యలో మా బండే ఉంటుంది అనుకునేది.

చివరికి ఒకనాడు కూర చెయ్యడం మధ్యలో ఆపి, గరిటె పట్టుకునే వచ్చి ఆయన ముందు నిలబడింది. కుడివైపే నిలబడింది.

"నేను డ్రైవింగు నేర్చుకుంటాను."

ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వా? లిఫ్టెక్కితేనే కళ్లు మూసుకుంటావే నువ్వు!"

"నేర్పండి. లేదా రేపు యజమానికి నేనే చెప్పేస్తా."

నవ్వు ఆగింది. ఆయన గరిటె వంక చూశాడు. తర్వాత అన్నాడు: "సరే. నీ చేతికి లైసెన్సు వచ్చిన రోజు నేను దిగిపోతా. అప్పటిదాకా ఈ మాట ఎక్కడా ఎత్తకు." ఒప్పందం కుదిరింది. ఇంతకాలం కాపురంలో ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అరుదు, ఇది మాత్రం నిలబడింది.

సెలవు రోజుల్లో ప్లాంటు వెనక ఖాళీ స్థలంలో పాఠాలు మొదలయ్యాయి. అబ్బబ్బా, ఆ పాఠాలు! "క్లచ్చి వదులు. మెల్లగా. మెల్లగా అన్నానా! అది పెడలే తల్లీ, బొద్దింక కాదు, అలా తొక్కకు!" ఈవిడ బండి కదిలిస్తే ఆయన ఎడమ సీటులో కూర్చుని లేని బ్రేకు తొక్కేవాడు. గేరు మారిస్తే పళ్లు నూరేవాడు. బండి ఆగిపోతే ఇంజను మీద జాలిపడేవాడు, పెళ్లాం మీద కాదు. "దానికి నోరుంటే ఏడ్చేది" అనేవాడు. "మీకుందిగా నోరు, అది చాలు" అనేది ఈవిడ. అయినా నేర్చుకుంది. దుప్పటి నాలుగు మూలలూ ఒక్క విసురుతో కలిపే చేతులవి, గేరు రాడ్డు ఏపాటి? కొన్నాళ్లకి వెనక్కి పోనిచ్చి రెండు డ్రమ్ముల మధ్య బండిని సూదిలో దారంలా పెట్టేసింది. "బాగానే ఉంది, కానీ నీకింకా చెయ్యి తిరగలేదు" అన్నాడాయన. ఎప్పుడడిగినా అదే మాట. ఆ 'ఇంకా' అన్న మాట వింటే ఆవిడకి కంపరం పుట్టేది.

ఇక లాభంలేదని తనే వెళ్లి టెస్టుకి పేరిచ్చి వచ్చింది. టెస్టు పెట్టే ఆఫీసు లాడ్జీలున్న వీధిలోనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. ఆఫీసువాళ్ల కారే ఇస్తారు. ఆవరణలో వంపులు తిప్పమన్నారు, తిప్పింది. ఎత్తు మీద ఆపి కదిలించమన్నారు, అంగుళం జారకుండా కదిలించింది. బెంచీ మీద కూర్చున్న హారన్ బాబాయ్ మెడ నిక్కించి చూస్తున్నాడు. "రోడ్డు మీదకి పదండి" అని ఇన్‌స్పెక్టరు పక్కన ఎక్కాడు. సన్నగా, పొడుగ్గా, ఎండుకట్టెలా ఉండే మనిషి, ముఖంలో ఏ భావమూ కనబడదు.

వీధి మొదట్లోనే ఈవిడ గొంతెత్తి అరిచింది: "ఎడమ పక్క సైకిలు!"

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఎవరికి చెబుతున్నారమ్మా?"

"మా ఆయనకండీ."

"ఆయనెక్కడున్నారు?"

"బెంచీ మీదండీ."

ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు. ఈవిడ ఇంకా జాగ్రత్తగా నడపాలని ఎడమవైపు ఇంకా గట్టిగా చూసింది. వీధి చివర పెద్దరోడ్డు మీద కుడికి తిరగమన్నాడు. ఎడమ చూసింది, మళ్లీ చూసింది, నిక్కి మరీ చూసింది, ఖాళీగా ఉంది, కదిలించింది. కుడివైపునుంచి బస్సు వస్తోంది. ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపి హ్యాండ్‌బ్రేకు లాగకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు.

"ఎడమవైపు చూపుకి మీకు వంక పెట్టలేనమ్మా. కుడివైపు కూడా రోడ్డుంటుంది. వెళ్లి మళ్లీ రండి" అన్నాడు ఎండుకట్టె.

ముఖం వేలాడేసుకుని బయటికొచ్చింది. హారన్ బాబాయ్ బాగానే ఓదార్చాడు. "పోన్లేవే, మొదటిసారి అందరికీ అంతే" అన్నాడు, సోడా తాగించాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండును. బండెక్కాక ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. ఖాళీ రోడ్డు మీద తాళం వేసినట్టు హారన్ కొట్టాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నేను తప్పితే మీకంత సంబరంగా ఉందా?"

"ఏడవమంటావా ఇప్పుడు?"

ఆవిడకి ఇంకో మాట అనడానికి తీరికేదీ? ఎడమ పక్క స్కూటరు వస్తోంది.

మర్నాటినుంచి ఆయనకి చెప్పకుండా ఒక డ్రైవింగ్ స్కూలుకి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడి మాస్టారు సగం నిద్రలో ఉన్నట్టు కనిపించేవాడు కానీ కళ్లు మాత్రం చురుకు. రెండు వీధులు తిప్పగానే, "అక్కా, మీ మెడ ఒకవైపే తిరుగుతుందా? కీళ్ల డాక్టరుకి చూపించుకోకపోయారా?" అన్నాడు.

"కుడివైపు మా ఆయన చూసుకుంటారు" అనేసింది.

 నిజమే మరి. ఇన్నేళ్లలో కుడివైపు ఏముందో ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అటు ఆయనున్నాడు. అటునుంచి ఏదొచ్చినా ముందు ఆయన్ని దాటుకు రావాలి. మాస్టారు సంగతంతా తెలియకపోయినా ఏదో అర్థమైనవాడిలా, "ఇక మీరే చూసుకోవాలక్కా" అన్నాడు. దారంతా "కుడి, కుడి" అని పైకి చెప్పిస్తూ తిప్పాడు. ఇంట్లో కూర తరుగుతూ కూడా కుడివైపు తిరిగి చూసేది. అక్కడ ఫ్రిజ్జు తప్ప ఏమీ లేదు. "అమ్మా, ఫ్రిజ్జు మీదికేం రాదులే" అని కూతురు ఏడిపించేది.

వచ్చిన చిక్కల్లా అక్కడే. కుడి చూడటం అలవాటైన కొద్దీ వ్యానులో కూడా కుడి చూడసాగింది. ఒక మధ్యాహ్నం నర్సింగ్ హోము నుంచి వస్తున్నారు. ఈవిడ కుడివైపున ఒక లారీ ఎలా తిరుగుతుందో చూస్తోంది, మనసులో పాఠం వల్లించుకుంటూ. టప్పుమని చప్పుడైంది. ఆయన బ్రేకు వేశాడు. ఎడమవైపు ఒక స్కూలు పిల్ల, వీపున సంచీ. అద్దం ఆ సంచీకి తగిలి, సంచీ ఊడి రోడ్డు మీద పడింది. ఒక్క జానెడు ఇటు జరిగి ఉంటే సంచీ కాదు. పిల్ల సంచీ దులుపుకుని, "కళ్లు కనబడవా అంకుల్?" అని కసిరి పరిగెత్తింది.

 ముందు నోరు విప్పింది ఆయనే.

"ఏం చేస్తున్నావు? చూడొద్దూ?"

"నేనా చూడాల్సింది? నడుపుతున్నది ఎవరు?"

"నువ్వు చెబుతావనేగా నేను..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆ మిగతా సగం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆవిడ తలుపు తీసుకుని దిగింది. "ఇంక ఈ సీటులో నేను కూర్చోను. చంపుతారో చస్తారో మీ ఇష్టం" అని మూటలతో సహా ఆయన్ని అక్కడే వదిలేసి ఇంటిదాకా నడిచింది. దారంతా ఏడుస్తూనే నడిచింది. ఆ పిల్ల జడకి కట్టుకున్న ఎర్ర రిబ్బను కళ్లముందు కదులుతూనే ఉంది.

రెండో టెస్టు ఆ మర్నాడే. ఆవిడ స్నానం చేసి వచ్చేసరికి గోడ మేకుకి తాళం లేదు, వీధిలో వ్యాను లేదు.

"నాన్న వెళ్లిపోయాడమ్మా" అంది కూతురు. "ఒక్కణ్ణే వెళ్లొస్తా, కళ్లు మూసుకుని తోలగలను ఆ దారిలో, అని చెప్పమన్నాడు."

"అదేగా నా ఏడుపు!"

ఫోను చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది, ఎత్తలేదు. యజమానికి చేసింది. మెషిన్ల మోతలో ఆయన ఎప్పుడు విన్నాడు గనక? తల దువ్వుకోకుండానే బస్సెక్కింది. బస్సులో కూర్చోలేక నిలబడింది, నిలబడలేక తలుపు దగ్గరికెళ్లింది. "లోపలికి రామ్మా, పడతావు" అని కండక్టరు విసుక్కున్నాడు. ప్లాంటు నుంచి లాడ్జీల వీధి దాకా దారంతా నేరుగానే ఉంటుంది, ఎడమకి తిరగాల్సింది ఆ వీధి మలుపులోనే. ఆ మలుపు కిక్కిరిసి ఉంటుంది. ఎక్కడ అంబులెన్సు మోత వినబడినా ఆవిడ తలుపులోంచి వంగి చూసింది. కనబడితే అనాల్సిన మాటలన్నీ కూడబలుక్కుంది. కాపురం మొత్తం మీద అనని మాటలు కూడా అందులో ఉన్నాయి.

బస్సు దిగి ముందు లాడ్జీకే పరిగెత్తింది. "బాబాయ్ ఇంకా రాలేదక్కా, దుప్పట్లు లేక గదులివ్వలేకపోతున్నాం" అన్నారు. రెండో లాడ్జీలోనూ అదే మాట. ఎప్పుడో రావాల్సిన మనిషి. ఈవిడ వీధి మధ్యలో నిలబడి అటు చూస్తోంది, ఇటు చూస్తోంది. ఇంతలో ఆఫీసు గుమ్మంలోంచి ఈవిడ పేరు పిలిచారు. ఈ అవకాశం పోతే మళ్లీ టెస్టు ఎప్పుడో, అన్నాళ్లూ ఆయన చేతిలోనే తాళం. వెళ్లి కారెక్కింది.

అదే ఎండుకట్టె. "మీ ఆయన బెంచీ మీదున్నారా ఇవాళ?" అని అడిగాడు, నవ్వకుండానే.

"ఎక్కడున్నారో తెలియదండీ" అంది.  

వంపులు ఎలా తిప్పిందో, ఎత్తు ఎలా ఎక్కించిందో ఆవిడకి గుర్తులేదు. చేతులూ కాళ్లే ఆ పని చేశాయి. రోడ్డెక్కాక అరవలేదు. సైకిలు కనబడితే నోట్లోనే అనుకుని పక్కకి తప్పించింది. వీధి చివర ఆగింది. కుడికి తిరగమన్నాడు. ఎడమ చూసింది. తర్వాత మెడ తిప్పి కుడివైపు చూసింది, ఊరికే తిప్పడం కాదు, రోడ్డు చివరంటా చూసింది.

అక్కడ వాళ్ల వ్యాను ఉంది. మలుపుకి కాస్త అవతల, అంచుకి తీసి ఆపి ఉంది. డ్రైవరు సీటు ఖాళీ.  ఏమైంది? ఎవరికి తగిలింది? ఈయనేడీ? అప్పుడు కనబడ్డాడు. ఎడమ సీటులో ఉన్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ముందుకి చూస్తూ, డాక్టరు కోసం వరసలో కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

"ఖాళీగానే ఉందిగా అమ్మా, పోనివ్వరేం?"

"చూస్తున్నానండీ" అంది. కళ్లు తుడుచుకుని, మళ్లీ రెండువైపులా చూసి, కుడికి తిప్పింది. వ్యాను పక్కనుంచే వెళ్లింది. ఆయన గమనించలేదు.

ఆఫీసులో ఎండుకట్టె ఒక కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. "కార్డు తర్వాత వస్తుంది. ఇది చూపించి ఇవాళ్టినుంచే నడపొచ్చు" అన్నాడు. ఆవిడ దండం పెట్టడం కూడా మరిచి పరిగెత్తింది. మలుపు దాటి, వ్యాను దగ్గరికి వెళ్లి, కుడివైపు తలుపు తీసింది.

ఆయన తల తిప్పి చూశాడు. "సీటు ముందుకి జరిపి పెట్టా. నీ కాళ్లు అందవుగా. సరిపోయిందో లేదో చూసుకో" అన్నాడు.

బస్సులో కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. 

"పాసయ్యానో లేదో అడగరా?"

"అడగను." జరిగింది మాత్రం ఆయనే చెప్పాడు. "ఇక్కడిదాకా బాగానే వచ్చాను. ఎడమకి తిరగాలి కదా. నువ్వు అరుస్తావని ఆగాను, అలవాటు. అరుపు రాలేదు. అటువైపు ఎవరున్నారో, ఎవరూ లేరో నాకు తెలియలేదే. వెనకనుంచి హారన్లు కొడుతున్నారు. నన్ను పట్టుకుని హారన్లు! భయమేసిందే. నిజంగా భయమేసింది."

అంత పెద్దమనిషి గొంతు పసిపిల్లాడి గొంతులా అయింది. ఆవిడకి ఏడుపాగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

"నేను మళ్లీ తప్పి ఉంటే?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"తాళం తీసుకెళ్లి యజమాని చేతికిచ్చేద్దామనే కూర్చున్నా. నువ్వు వస్తే నడిచి పోదామని. అయినా సీటు జరిపాననుకో."

ఆవిడ ఎక్కింది. సీటు సరిగ్గా సరిపోయింది. కాగితం ఆయన ఒళ్లో పడేసి, ఇంజను స్టార్టు చేసి, ఎడమ ఇండికేటరు వేసింది. ఆయన ఉన్న ఒక్క కంటితో చూద్దామని ఒళ్లంతా ఎడమకి తిప్పి, కిటికీలోంచి బయటికి వంగాడు. "ఖాళీయే అనుకుంటా" అన్నాడు.

"మీరు లోపలికి రండి ముందు. నేను చూసుకుంటా."

ఎడమ చూసింది, కుడి చూసింది, ఒక ముసలావిణ్ణి దాటనిచ్చి వీధిలోకి తిప్పింది. లాడ్జీ ముందు బండి ఆగింది. పాత అలవాటుకొద్దీ ఆవిడ దిగబోయేసరికి ఆయన అప్పటికే దిగి వెనక తలుపు తీశాడు. మెట్ల మీది ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తుండగా, మొదటి దుప్పట్ల మూట భుజాన వేసుకుని, ఎడమ చేత్తో గోడ తడుముకుంటూ మెట్లెక్కడం మొదలుపెట్టాడు.